వీసా అక్కరలేదంటే అడిగేవాడు లేడని కాదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)

  

కార్యదర్శిగారు మమ్ములను పిలిచి, "ఈసారి మీరు ఒక అరగంట మాట్లాడవలె, విషయం మీ ఇష్టం" అన్నారు. మేము ఉపన్యాసకులం కాము. ప్రతి ఆదివారం సంఘం ఆఫీసు వరండాలో ఒక బల్ల, రెండు బెంచీలు వేసుకుని, వచ్చినవారికి పాస్‌పోర్టు దరఖాస్తులు, ప్రయాణపు ఫారాలు నింపిపెట్టే ముగ్గురం మేము. ఒకరు తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవారు, ఒకరు కువైటులో పదునెనిమిదేళ్ళు కష్టపడి వచ్చినవారు, ఒకరు బడిపంతులు. ముగ్గురం కూర్చొని రాసుకున్నదాన్ని ఇక్కడ ఒకరం చదువుతున్నాము. తప్పులుంటే ముగ్గురివీ, ఒప్పులుంటే మా బల్ల దగ్గరికి వచ్చి తమ కష్టసుఖాలు చెప్పుకున్న జనానివి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవలసియున్నది. 2024లో రంజాను పండుగ అయిన పదిరోజులకు ఒక అబ్బాయి వచ్చినాడు. స్కూటర్లు బాగుచేసే పనివాడు. మంచి చెయ్యి. "చాచా, మలేషియాకు వీసానే అక్కర్లేదంట గదా! టిక్కెట్టు కొనుక్కుని పోయేదే. ఆడ దిగినంక పర్మిట్టు చేపిస్తానన్నాడు ఆ మనిషి. ఈ కార్డొకటి ఫోన్లో నింపాలంట, నింపిపెట్టు చాచా" అన్నాడు. ఆ రోజు బల్ల ముందర ఇరవైమంది నిలబడియున్నారు. మేము అతని ఫోను తీసుకుని ఐదు నిమిషాల్లో నింపి ఇచ్చినాము. ఎందుకు పోతున్నావన్న గడిలో విహారయాత్ర అని పెట్టినాము. "అల్లా నిన్ను చల్లగా చూడనీ" అని దీవించి పంపినాము. అంతే.

వాడు కౌలాలంపూర్‌లో దిగినాడు. ఎన్ని రోజులుంటావని అక్కడి అధికారి అడిగితే నెల అన్నాడు. ఎక్కడుంటావంటే ఆ మనిషి రాసిచ్చిన హోటలు పేరు చెప్పినాడు. వాళ్ళు ఫోను చేస్తే ఆ పేరున గది తీసుకోనే లేదని తేలింది. తిరుగు టిక్కెట్టు చూస్తే అది డబ్బు కట్టని ఉత్త బుకింగు. సంచి తెరిస్తే నాలుగు చొక్కాలు, ఒక ఊరగాయ సీసా, ఒక స్పానర్ల సెట్టు. విహారయాత్రకు పోయేవాడు స్పానర్లు ఎందుకు మోస్తాడు? ఒక రాత్రి ఒక గదిలో కూర్చోబెట్టి, మరుసటి విమానంలో వెనక్కి పంపినారు. ఆ మనిషికి కట్టినది తొంబై వేలు. అందులో సగం వాళ్ళమ్మ కమ్మలు, గొలుసు కుదువబెట్టి తెచ్చినది. అబ్బాయి ఊరికి రాలేదు. "అమ్మకు మొగం ఎట్లా చూపేది?" అని ఆరునెలలు బెంగుళూరులోనే ఉండిపోయినాడు.

ఆ అబ్బాయి అనుమతి తీసుకునే ఈ మాట చెబుతున్నాము. పేరు అడగవద్దని మనవి. మోసం చేసినవాడు వేరే ఉన్నాడు గాని, ఆ గడి నింపిన చెయ్యి మాది. ఆనాడు పది నిమిషాలు ఖర్చుపెట్టి నాలుగు మాటలు అడిగియుంటే ఆ తల్లి చెవులు బోసిపోయేవి కావు. ఆ రోజు చెప్పవలసిన పది నిమిషాల మాటను ఈనాడు అరగంటగా చెబుతున్నాము.

ఒకప్పుడు ఈ బాధ లేదు. కుతుబ్ షాహీల కాలంలో మన మచిలీపట్నం రేవునుండి ఓడలు ఎర్రసముద్రం దాకా పోయేవి. సరుకుతోపాటు హజ్ యాత్రికులూ పోయేవారు. మొన్నమొన్నటి దాకా కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవులనుండి మన తెలుగువాళ్ళు వేలాదిగా రంగూనుకు కూలికి పోయినారు. బర్మా, మలయా, మారిషస్ దేశాలలో ఈనాటికీ తెలుగు కుటుంబాలున్నవంటే అట్లా పోయినవారి సంతానమే. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినాక సర్కార్లకు అనుమానం పెరిగింది. మన దేశంలో 1917లో యుద్ధకాలపు నిబంధనల క్రింద పాస్‌పోర్టు తప్పనిసరి చేసి, 1920లో దానికొక చట్టం చేసినారు. స్వతంత్రం వచ్చినాక 1967లో సుప్రీంకోర్టు, విదేశాలకు పోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. ఆ ఏడే ఇప్పుడు నడుస్తున్న పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించవలెను. మన గడప దాటడం మన హక్కు. ఎదుటివాని గడప లోపలికి పోవడం మన హక్కు కాదు, అది వాని ఇష్టం. పాస్‌పోర్టు మన సర్కారు ఇచ్చేది, వీసా వాళ్ళ సర్కారు ఇచ్చేది. ఈరోజు తలుపు తీసినవాడు రేపు వేసుకోవచ్చు. ఇంగ్లండుకు మనవాళ్ళు చుట్టపుచూపుగా పోవడానికి 1986 దాకా ముందుగా వీసా అక్కరలేకపోయింది. ఆ ఏడు వాళ్ళు వీసా పెట్టినారు. ఇరాన్ దేశం 2024 ఫిబ్రవరిలో మన పాస్‌పోర్టువాళ్ళకు, విమానంలో వస్తే పదిహేను రోజుల దాకా వీసా అక్కరలేదన్నది. మషద్, ఖుమ్ జియారత్‌కు పోదామనుకున్నవారు సంతోషించినారు. ఇంతలో దొంగ ఏజెంట్లు దానిని వాడుకున్నారు. ఉద్యోగాలని, అక్కడినుండి వేరే దేశాలకు దాటిస్తామని ఆశపెట్టి కుర్రవాళ్ళను తీసుకుపోయినారు. అక్కడ దిగినవాళ్ళను కొందరిని ఎత్తుకుపోయి, ఇంటివాళ్ళను డబ్బు అడిగినారు. దానితో 2025 నవంబరు 22 నుండి ఇరాన్ ఆ సౌకర్యాన్ని మామూలు పాస్‌పోర్టువాళ్ళకు ఆపివేసింది. కొందరు చేసిన పాపానికి యాత్రికులందరి ముందరా తలుపు పడింది. కాబట్టి పోయినేడు పోయివచ్చినవాడు చెప్పిన మాట ఈ ఏడు పనికిరాకపోవచ్చు. టిక్కెట్టు కొనే ముందర ఆ దేశపు రాయబార కార్యాలయం వారి ప్రకటన చూడవలె, లేదా చూడగలవారిచేత చూపించుకోవలె.

ఇక అసలు విషయం. "వీసా అక్కరలేదు" అని జనం అనే మాటలో మూడు నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నవి. వాటిని విడదీసి చెబుతాము.

మొదటిది, నిజంగానే వీసా అక్కరలేని దేశం. నేపాల్ అట్లాంటిది. 1950 జూలై 31న కుదిరిన ఒడంబడిక నాటినుండి మనకూ వాళ్ళకూ రాకపోకలున్నవి. విమానంలో పోయేవారు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం వారి ఓటరు కార్డు గాని చూపవలె. ఆధార్ కార్డు చాలుననుకుని పోయి విమానాశ్రయంలో చిక్కుకున్నవారున్నారు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, అరవైఐదేళ్ళు దాటిన పెద్దలకు మాత్రమే అది చెల్లుతుంది. భూటాన్‌కు కూడా మనకు వీసా లేదు గాని, ప్రవేశ అనుమతి పత్రం తీసుకోవలె. అదిగాక 2022 సెప్టెంబరు నుండి పెద్దవాళ్ళు తలకు రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము కట్టవలెనని పెట్టినారు. ఇంటిల్లిపాదీ పోదామనుకునేవారు ఈ లెక్క ముందుగా వేసుకోవలె.

మలేషియా 2023 డిసెంబరు 1 నుండి మనవాళ్ళకు ముప్ఫై రోజుల దాకా వీసా తీసివేసింది. ఆ సౌకర్యాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించినారు. థాయ్‌లాండ్ 2023 నవంబరులో ముప్ఫై రోజులకు తీసివేసింది, 2024 జూలైలో దానిని అరవై రోజులు చేసింది. ఇట్లాంటి గడువులు పెరుగుతుంటవి, తరుగుతుంటవి. ప్రయాణం ఖాయం చేసుకునే నాటికి ఎంత ఉన్నదో అప్పుడు చూసుకోవలె.

రెండవది, దిగినాక అక్కడే వీసా వేసే దేశం. అక్కడ రుసుము, ఫోటోలు, కాగితాలు అన్నీ ఉంటవి. మూడవది, ఇంట్లో కూర్చుని కంప్యూటరులో అనుమతి తెచ్చుకునేది. ఇది కూడా వీసా వంటిదే, కాకుంటే స్టిక్కరు ఉండదు. నాలుగవది, ఒక షరతు మీద వదిలేది. దుబాయి సంగతి తీసుకోండి. అమెరికా వీసా గాని, గ్రీన్ కార్డు గాని ఉన్న మన పాస్‌పోర్టువాళ్ళకు వాళ్ళు దిగినాక పద్నాలుగు రోజుల వీసా వేస్తున్నారు. అది విని, "మా బావకు వేసినారు, నాకూ వేస్తారు" అని ఒకరు బయలుదేరబోయినారు. బావకు అమెరికా వీసా ఉన్నది, ఈయనకు లేదు. ఈయన ముందుగానే విజిట్ వీసా తెచ్చుకోవలె.

ఇప్పుడు గడప దగ్గర ఏమి అడుగుతారో చెబుతాము. వీసా అక్కరలేదంటే ముందుగా ఎంబసీలో అడగరని మాత్రమే అర్థం. ఎంబసీవాడు అడగవలసినవన్నీ విమానాశ్రయంలోని అధికారి అడుగుతాడు. ఎంబసీలో కాదంటే ఫీజు పోతుంది, ఇంట్లోనే ఉంటాము. విమానాశ్రయంలో కాదంటే టిక్కెట్టు పోతుంది, పరువు పోతుంది.

అడిగేవి మనం వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరునెలల గడువు ఉండవలె. చాలా దేశాలు దీన్ని గట్టిగా పాటిస్తవి. ఖాళీ పేజీలుండవలె. చినిగిన, నీళ్ళలో తడిసిన పాస్‌పోర్టు పనికిరాదు. తిరుగు టిక్కెట్టు, డబ్బు కట్టినది, చేతిలో ఉండవలె. ఎక్కడుంటామో కాగితం ఉండవలె. హోటలైతే రసీదు, చుట్టాల ఇల్లయితే వాళ్ళ చిరునామా, ఫోను నంబరు. ఖర్చులకు సొమ్ము ఉన్నదని చూపగలగవలె. మన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి మూడువేల అమెరికా డాలర్ల విలువ మించి తీసుకుపోరాదు. మిగిలినది కార్డు రూపంలో పెట్టుకోవచ్చు.

దిగేముందు నింపే కార్డు ఒకటి ఉన్నది. మలేషియావారు 2024 జనవరి నుండి, థాయ్‌లాండ్‌వారు 2025 మే నుండి ఫోనులో నింపే కార్డు పెట్టినారు. ప్రయాణానికి మూడు రోజుల లోపల నింపవలె. రెండూ ఉచితం. ఈ మాట గట్టిగా చెబుతున్నాము, ఉచితం! ఆ కార్డుకని రెండువేలు, మూడువేలు వసూలుచేసే దొంగ చిరునామాలు కంప్యూటరులో నిండా ఉన్నవి. మన ఊళ్ళోనే ఒకరు అట్లా కట్టి వచ్చి మాకు రసీదు చూపినారు. ఆ రసీదులో ఆ దేశపు సర్కారు పేరు ఎక్కడా లేదు.

పేర్ల సంగతి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలె. పాస్‌పోర్టులో ఇంటిపేరుకొక గడి, పెట్టిన పేరుకొక గడి ఉంటవి. మనలో చాలామంది పెద్దలకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, అంతా కలిపి ఒక్క మాటే పేరు. ఒక గడి ఖాళీ. 2022 నవంబరు నుండి అరబ్ ఎమిరేట్స్ వారు, పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవారిని విజిట్ వీసా మీద రానీయమన్నారు. రెండవ పేజీలో తండ్రిపేరో ఇంటిపేరో ఉంటే సరే అని తరువాత సడలించినారు. కొడుకును చూడబోయిన ఒక ముసలామెకు ఈ చిక్కు వచ్చి, మేము పాస్‌పోర్టు మార్పించవలసి వచ్చింది. షేక్ అన్న మాటనే ఆధార్‌లో ఒకరకంగా, పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకరకంగా, టిక్కెట్టులో ఇంకొకరకంగా ఇంగ్లీషులో రాయిస్తున్నారు. టిక్కెట్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండవలె. పాస్‌పోర్టుకు దూరం పోనక్కరలేదు. 2017 నుండి తపాలా కార్యాలయాలలో కూడా పాస్‌పోర్టు సేవాకేంద్రాలు తెరుస్తూ వచ్చినారు.

ఇక రోజుల లెక్క. ముప్ఫై రోజులంటే నెల అని కాదు. ముప్ఫైఒక్క రోజుల నెలలో పోయినవాడు వచ్చే నెల అదే తేదీకి బయలుదేరుదామనుకుంటే అప్పటికే గడువు దాటుతుంది. దిగిన రోజునే మొదటిరోజుగా లెక్కపెట్టుకుంటే చిక్కుండదు. పాస్‌పోర్టులో వేసిన ముద్ర మీద తేదీ రాసియుంటే దానినే నమ్మవలె. గడువు దాటితే థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాట్‌లు జుల్మానా, ఎమిరేట్స్‌లో రోజుకు 50 దిర్హములు. సొమ్ముతో పోతే అదృష్టమే. తరువాత ఎన్నడూ రానీయకుండా పేరు ఎక్కించుకుంటే ఆ నష్టానికి లెక్కలేదు. పిల్లలను చూడడానికి యూరపు పోయేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవలె. షెంగెన్ ఒడంబడికలోని దేశాలన్నిటికీ కలిపి ఒకే లెక్క, ఏ 180 రోజులలోనైనా 90 రోజులే. జర్మనీలో అరవై ఉండి, ఫ్రాన్సుకు పోతే అక్కడ మళ్ళీ ఒకటినుండి మొదలుకాదు.

ఇక్కడ మా కువైటు మిత్రులు ఒక మాట చెప్పమన్నారు. "చూడబోయేది చూడబోయేదే, పనికి పోయేది పనికి పోయేదే. రెంటినీ కలిపినవాడు రెంటికీ చెడినాడు." పదునెనిమిదేళ్ళు చూసి చెప్పిన మాట ఇది. వీసా అక్కరలేని ప్రవేశం మీద ఒక్కరోజు కూలిపని కూడా చేయరాదు. చేసినవాడికి ఆ దేశంలో చట్టం లేదు, జీతం ఎగవేస్తే అడిగే నోరు లేదు, దెబ్బ తగిలితే ఆసుపత్రి లేదు, చనిపోతే ఇన్సూరెన్సు లేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది.

పనికి పోవడానికి మన దేశంలో ఒక బాట ఉన్నది. 1983 వలసల చట్టం క్రింద, పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుల మీద ఇ.సి.ఆర్. అని ముద్ర ఉంటుంది. వాళ్ళు పద్దెనిమిది దేశాలకు పనికి పోవలెనంటే వలస సంరక్షణ అధికారి అనుమతి కావలె. గల్ఫు దేశాలతోపాటు మలేషియా, థాయ్‌లాండ్ కూడా ఆ పట్టికలో ఉన్నవి. ఈ ముద్ర ఉన్నవారు చూడడానికి పోతే ఆ అనుమతి అక్కరలేదు, తిరుగు టిక్కెట్టు చూపితే చాలు. ఆ సందునే ఏజెంట్లు కనిపెట్టినారు. ముప్ఫైఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద ఆ దేశాలకు పనికి పంపరాదని నియమం పెడితే, విజిట్ వీసా మీద పంపి అక్కడ ఇళ్ళపనిలో పెడుతున్నారు. పోయిన తల్లి ఏ ఇంట్లో ఉన్నదో సర్కారు పుస్తకాలలో ఉండదు. రాయచోటి, రాజంపేట వైపు ఇట్లా ఎదురుచూసే ఇళ్ళు ఎన్నో మాకు తెలుసు.

సక్రమంగా పోయేవానికి ఏజెంటు తీసుకోదగినది 30,000 రూపాయలు, దాని మీద పన్ను. అంతకుమించి అడిగినవాడు, రసీదు ఇవ్వనివాడు, లైసెన్సు నంబరు చెప్పనివాడు ఏజెంటు కాడు. లైసెన్సు ఉన్నవారి పట్టిక కేంద్ర సర్కారువారి ఈ-మైగ్రేట్ అనే కంప్యూటరు చిరునామాలో చూడవచ్చు. ఆ బాటన పోయినవానికి పది లక్షల ఇన్సూరెన్సు కూడా ఉంటుంది.

వీసా అక్కరలేని తలుపు ఎంత దూరం తీసుకుపోతుందో వినండి. బ్యాంకాకులో కంప్యూటరు ఉద్యోగమని కుర్రవాళ్ళను రప్పిస్తారు. దిగినాక కారులో ఎక్కించి సరిహద్దుకు తీసుకుపోయి, రాత్రిపూట నది దాటించి, బర్మాలోని మియావాడి ప్రాంతంలో కంచెల వెనుక పెడతారు. అక్కడ పని ఏమంటే, ఫోనులో ఇంకొకరిని మోసగించడం. చేయనన్నవానికి దెబ్బలు. 2025 మార్చి 10, 11 తేదీలలో మన వైమానికదళం విమానాలు పంపి 549 మందిని థాయ్‌లాండ్ మీదుగా వెనక్కి తెచ్చినారు. అందులో మన తెలుగు పిల్లలున్నారు. అంతకు ముందు 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు, కాంబోడియాకు ఇదేరీతిగా పంపుతున్న ఏజెంట్ల గుట్టు బయటపెట్టినారు. ఆ పిల్లలలో చాలామంది చదువుకున్నవారే. కాబట్టి ఇది చదువులేనివారికి వచ్చే కష్టమని ఎవరూ నిశ్చింతగా ఉండవద్దు.

ఉమ్రా సంగతి అందరూ అడుగుతారు కాబట్టి ఒక మాట. సౌదీకి మనకు వీసా కావలసిందే. ఏ వీసా దేనికో తెలుసుకొని పోవలె. హజ్ రోజులలో విజిట్ వీసా మీద ఉండి హజ్ చేయరాదు. 2024 హజ్‌లో ఎండదెబ్బకు, ఇతర కారణాలకు 1,301 మంది చనిపోయినారని, వారిలో నూటికి 83 మంది అనుమతి లేకుండా వచ్చినవారేనని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేనివారికి గుడారం లేదు, చల్లని బస్సు లేదు, ఎండలో నడిచినారు. 2025లో అట్లా వచ్చినవారికి ఇరవైవేల రియాళ్ళ దాకా జుల్మానా అన్నారు. స్తోమత కలిగినప్పుడే హజ్ విధి అయింది. అప్పుచేసి, అబద్ధపు కాగితంతో పొమ్మని మనకు ఎవరూ చెప్పలేదు.

చివరిగా మూట సంగతి. అమ్మలు మన్నించవలె. మసాలాలో వేసే గసగసాలు మనకు వంటింటి సామాను. దుబాయిలో, సౌదీలో, సింగపూరులో అవి మత్తుపదార్థం క్రింద లెక్క. చిన్న పొట్లం దొరికినా జైలు చూడవలసి రావచ్చు. కొడుక్కు మసాలా పంపే తల్లి ముందుగా ఈ మాట గుర్తుంచుకోవలె. దగ్గుమందులు, నొప్పిబిళ్ళలలో కొన్ని కూడా అట్లాంటివే. డాక్టరు చీటీ ఇంగ్లీషులో తీసుకొని, మందు దాని పెట్టెలోనే పెట్టుకోవలె. అన్నిటికంటె ముఖ్యం, ఎవరి పొట్లమూ మోయవద్దు. "భాయి, ఈ చిన్న డబ్బా మావానికి ఇయ్యి" అంటే మొగమాటపడవద్దు. మలేషియాలో, సింగపూరులో మాదకద్రవ్యాలు మోసినవానికి ఉరిశిక్ష దాకా ఉన్నది. డబ్బాలో ఏమున్నదో నాకు తెలియదంటే అక్కడ వినేవాడు లేడు.

కష్టం వచ్చినప్పుడు ఎవరిని అడగవలె? పాస్‌పోర్టు పోయినా, ఎవరైనా లాక్కున్నా మన రాయబార కార్యాలయం ఉన్నది. 2015 నుండి కేంద్ర సర్కారు విదేశాలలోని మనవారి ఫిర్యాదుల కోసం ఒక కంప్యూటరు ఏర్పాటు నడుపుతున్నది. దాని పేరు మదద్. ఆ మాటకు అర్థం మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పోయేముందు పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, టిక్కెట్టు నకళ్ళు ఇంట్లో ఒకటి, మా బల్ల దగ్గర ఒకటి ఇచ్చిపొండి. రేపు ఏదైనా జరిగితే వెదకడానికి మొదటి కాగితం అదే.

ఇప్పుడు సంఘానికి మా మనవి. ఇకమీదట మా బల్ల దగ్గరికి వచ్చినవారిని నాలుగు మాటలు అడగనిదే ఫారం ముట్టము. ఎందుకు పోతున్నావు? ఎన్ని రోజులు? తిరుగు టిక్కెట్టు ఏది? ఎవరికి ఎంత ఇచ్చినావు? దీనికి కొందరు కోపగించుకుంటారు. "సంఘంవాళ్ళు పోలీసులయినారు" అంటారు. అననీయండి. విమానాశ్రయంలో పరాయివాడు అడిగేదానికంటె మనవాళ్ళు వరండాలో అడగడం మేలు కదా. ప్రతి మసీదు దగ్గర, లైసెన్సు ఉన్న ఏజెంటును ఎట్లా గుర్తుపట్టవలెనో రాసిన ఒక పలక పెట్టించవలెనని కార్యవర్గాన్ని కోరుతున్నాము. ఆడవాళ్ళ దరఖాస్తుల కోసం ఒక సోదరి మాతో కూర్చోవలె. పరదా అవతలనుండి ఎవరైనా ముందుకు వస్తే నాలుగో కుర్చీ సిద్ధంగా ఉన్నది.

కొందరు యువకులు అడుగుతారు, "ఇన్ని భయాలు చెబితే ఎవరు పోతారు?" అని. పోవద్దని మేము అనలేదు. మాలో ఒకరి ఇల్లు కువైటు కష్టంతో కట్టినదే. చూడవలసిన లోకం పెద్దది. కొడుకు సంసారం కళ్ళారా చూసుకోవడం, చెల్లెలి కాన్పుకు పోయిరావడం, నాలుగు ఊళ్ళు తిరిగి నాలుగు మంచి మాటలు నేర్చుకురావడం, ఇవన్నీ అందరికీ దక్కవలసినవే. తెలిసి పోవలె, సక్రమంగా పోవలె, చెప్పిన రోజుకు తిరిగి రావలె. అంతే మా కోరిక.

ఆ స్కూటర్ల అబ్బాయి ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. వాళ్ళ అమ్మే బెంగుళూరు పోయి పిలుచుకొచ్చింది. చిన్న షాపు పెట్టుకున్నాడు. వెనక్కి మోసుకొచ్చిన ఆ స్పానర్లతోనే పని మొదలుపెట్టినాడు. గొలుసు విడిపించినాడు, కమ్మలు ఇంకా ఉన్నవి. ఈ ఉపన్యాసం రాసుకున్నాక మొదట అతనికే చదివి వినిపించినాము. అంతా విని, "చాచా, నీ తప్పేముంది, నేను నీకు నిజం చెప్పలేదు గదా" అన్నాడు. మేము అడగలేదు కాబట్టి చెప్పలేదు నాయనా అన్నాము.

 దూరదేశాలలో ఉన్న మన పిల్లలందరినీ అల్లా క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్. ఆదివారం ఉదయం వరండాలో కలుద్దాము.